ఇంజన్‌కి ‘శాక్రిఫైస్’ అనే మాటే తెలీదు. మరి దాన్ని ఎట్లా కనిపెడుతుంది?

ఈ ఎపిసోడ్ ఎర్రగుంట్లలో మా ఇంటి మిద్దె మీద గదిలో కూర్చొని చేస్తున్నా. స్టేషన్ దగ్గరే కాబట్టి మధ్యలో గూడ్స్ బండి కూత వినిపిస్తే ఏమనుకోవద్దు. ఈరోజు టాపిక్ చెస్ ఇంజన్లు. అందులోనూ ఒకే ఒక ప్రశ్న. చెస్‌లో మనకి అన్నిటికంటే కిక్ ఇచ్చేది శాక్రిఫైస్. కావాలనే ఒక పావుని ఎదుటోడికి వదిలేయడం. ప్రోగ్రామ్‌కి ధైర్యం ఉండదు, కిక్ ఉండదు. మరి అది శాక్రిఫైస్‌ని ఎట్లా వెతుకుతుంది, అది మంచిదో కాదో ఎట్లా తేలుస్తుంది?

ఈ ప్రశ్న నాకెందుకు వచ్చిందో ముందు చెప్తా. ఎందుకంటే ఇందులో తప్పు నాదే.

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. ప్రొద్దుటూరులో ఒక వీకెండ్ టోర్నమెంట్ ఆడి, ఓడిపోయిన గేమ్ ఒకటి పేపర్ మీద రాసుకొచ్చాడు. ఫోన్‌లో ఎక్కించాం. యాప్ అర నిమిషంలో మొత్తం గేమ్‌కి మార్కులేసింది. ఒక ఎత్తు దగ్గర ఎర్ర గుర్తు. అక్కడ వీడు తన రూక్‌తో సి3 మీదున్న గుర్రాన్ని కొట్టి, రూక్‌ని బంటుకి వదిలేశాడు.

‘ఎందుకిచ్చినావ్‌రా రూక్‌ని?’ అంటే, ‘ఆ పక్క వాళ్ళ రాజు ముందర బంట్లన్నీ చెదిరిపోతాయి గదా మామా, అందుకే కరెక్టే అనిపిచ్చింది’ అన్నాడు. నేను ఫోన్ వాడి ముఖం ముందు పెట్టి, ‘ఇది చూడు, ఎర్రగా ఉండాది. సినిమా హీరో అనుకుంటాండావా?’ అని తిట్టాను. తర్వాతి టోర్నమెంట్‌లో వాడికి దాదాపు అట్లాంటి పోజిషనే వచ్చిందంట. రూక్ ఇవ్వలేదు. ఏదో భయంగా ఒక బంటు జరిపి, మెల్లగా ఓడిపోయాడు. ‘నువ్వే గదా మామా వద్దన్నావు’ అన్నాడు.

బీటెక్ చదివి, కొన్నేళ్ళు కోడ్ రాసినోణ్ణి, ఒక నంబర్ ఎక్కడినుంచి వచ్చిందో చూడకుండా పిల్లోణ్ణి తిట్టాను చూడండి. అది నాకు బాగా గుచ్చుకుంది. అందుకే ఈ ఎపిసోడ్.

సరే, మొదట్నుంచీ పోదాం. 1950లో క్లాడ్ షానన్ అనే అమెరికా సైంటిస్ట్ కంప్యూటర్‌తో చెస్ ఎట్లా ఆడించొచ్చో ఒక పేపర్ రాశాడు. అందులో ఉన్న రెండు ముక్కలే ఇప్పటికీ ప్రతి ఇంజన్‌లో ఉన్నాయి. ఒకటి వెతకడం: నేనిది ఆడితే వాడు అది, అప్పుడు నేను ఇంకోటి, ఇట్లా ముందుకి పోవడం. రెండోది లెక్క కట్టడం: ఎక్కడో ఒకచోట ఆగి, ఆ బోర్డుకి ఒక నంబర్ ఇవ్వడం. అన్నిటికంటే మోటు లెక్క మనందరికీ తెలిసిందే. బంటు 1, గుర్రం 3, బిషప్ 3, రూక్ 5, క్వీన్ 9. మా తాత తరం వాళ్ళు మంత్రి, ఏనుగు, శకటు అనేవాళ్ళు. నేను మాత్రం యాప్ భాషలోనే పోతా, మీకు ఈజీగా ఉంటుంది.

ఒక చిన్న మాట ముందే చెప్పుకోవాలి. ఇంజన్ డెప్త్ 10 అంటే మీ ఎత్తులు 5, ఎదుటోడివి 5. ఒక్కో మనిషి ఒక్కోసారి జరపడం ఒక సగం ఎత్తు కింద లెక్క.

ఇప్పుడు నిజం గేమ్ ఒకటి చూద్దాం. 2024 డిసెంబర్ 8, సింగపూర్. వరల్డ్ ఛాంపియన్‌షిప్ 11వ గేమ్. గుకేశ్ తెల్లపావులు, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ నల్లపావులు. అప్పటికి స్కోర్ 5-5. గుకేశ్ చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన పిల్లోడు. మా వాడా మీ వాడా అని అప్పుడు సోషల్ మీడియాలో జరిగిన గొడవ మనకొద్దు. మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఆ మ్యాచ్‌కి గుకేశ్ టీమ్‌లో ఉండి ప్రిపరేషన్‌కి సాయం చేశాడు, అది మాత్రం చెప్పుకోవాలి.

డింగ్ టైమ్ ఒత్తిడిలో 28వ ఎత్తుకి క్వీన్‌ని సి8లో పెట్టాడు. వెంటనే గుకేశ్ తన క్వీన్‌తో సి6 మీదున్న గుర్రాన్ని కొట్టాడు. ఆ గుర్రానికి బి7 బంటు కాపలా ఉంది, క్వీన్ కాపలా ఉంది. అంటే చూడ్డానికి 9 ఇచ్చి 3 తీసుకోవడం. డింగ్ బోర్డు చూసి అక్కడే రిజైన్ చేశాడు.

ఎందుకో వేళ్ళ మీద లెక్కబెడదాం. గుకేశ్ వైపు నుంచి చూస్తే, గుర్రాన్ని కొట్టాడు, ప్లస్ 3. బంటు వచ్చి క్వీన్‌ని కొడుతుంది, మైనస్ 6. కానీ ఆ బంటు బి-లైన్ మీద గోడలాగా నిలబడి ఉన్నింది. అది పక్కకి జరిగేసరికి లైన్ తెరుచుకుంది. గుకేశ్ రూక్‌లు రెండూ ఆ లైన్ మీదే ఉన్నాయి, ఒకటి బి5లో, ఒకటి బి1లో. ముందున్న రూక్ పోయి బి8 రూక్‌ని కొడుతుంది, మైనస్ 1. ఇప్పుడు డింగ్ క్వీన్ ఇరుక్కుంది. పక్కన సి8లో ఉంది, దాని వెనక అదే వరసలో జి8లో రాజు. వరస వదిలి పోవడానికి లేదు. పోనీ ఆ రూక్‌ని కొడదాం అంటే, మైనస్ 6, కానీ గుకేశ్ రెండో రూక్ వచ్చి క్వీన్‌ని లాగేస్తుంది. ప్లస్ 3. మొత్తం ఐదు సగం ఎత్తులు. చివరికి గుకేశ్‌కి ఒక పావు ఎక్కువ. బంటుతో కాకుండా క్వీన్‌తో కొట్టినా గుర్రం పోయినట్టే, ఎందుకంటే జి2 బిషప్ అక్కడ కాచుకొని ఉంది.

ఆ నంబర్లు ఇంకోసారి చూడండి. ప్లస్ 3, మైనస్ 6, మైనస్ 1, మైనస్ 6, ప్లస్ 3. ఐదో అడుగు దాకా పోతే గెలుపు. రెండో అడుగులోనో, నాలుగో అడుగులోనో ఆగిపోతే ‘వీడికేమైనా పిచ్చా’ అనిపిస్తుంది. ప్రోగ్రామ్‌కి శాక్రిఫైస్ అంటే ఇంతే. త్యాగం, తెగింపు, ఏమీ లేవు. దారి మధ్యలో నంబర్ కిందికి పోయి తర్వాత పైకి వచ్చే ఒక దారి. మంచి శాక్రిఫైస్‌కి, పిచ్చి పనికి తేడా ఎక్కడ ఆగావు అన్నదాంట్లోనే ఉంది.

మన సీమలో పుట్టినోళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. బోరు వేస్తాం. 400 అడుగులు పోయాక దుమ్మే వస్తాంది, డబ్బులైపోయినాయి, ఆపేసినాం. నీళ్ళు లేవు అని రాసుకున్నాం. కానీ 420లో నీళ్ళున్నాయేమో. నీళ్ళు లేవు అనేదానికి, నేను తవ్వినంత దూరంలో లేవు అనేదానికి చానా తేడా ఉంది. కంప్యూటర్ చెస్‌లో దీనికి హొరైజన్ ఎఫెక్ట్ అని పేరు. చూపు ఆగిన గీత అవతల ఏముందో ఇంజన్‌కి లేనట్టే లెక్క.

అందుకే ఇంజన్లు రెండు జాగ్రత్తలు తీసుకుంటాయి. ఒకటి, కొట్టుకోవడం నడుస్తుండగా మధ్యలో ఆగి నంబర్ వేయవు. బోర్డు చల్లబడేదాకా, అంటే కొట్టడాలు అయిపోయేదాకా ఇంకొంచెం ముందుకి చూసి అప్పుడు లెక్క కడతాయి. దీన్ని క్వయెసెన్స్ సెర్చ్ అంటారు. రెండోది, ఒకేసారి లోతుకి పోకుండా డెప్త్ 1, డెప్త్ 2, డెప్త్ 3 అని మెట్టు మెట్టుగా దిగుతాయి. మీ ఫోన్‌లో బార్ మొదటి సెకన్లలో అటూ ఇటూ ఊగుతుంది కదా, అది ఇదే. ఒక్కో మెట్టు దిగేకొద్దీ అభిప్రాయం మారుతుంటుంది.

మరి లోతుగా పోతే అయిపోయె కదా అంటే, అక్కడే ఉంది అసలు తిప్పలు. ఒక్కో పోజిషన్‌లో సుమారు 30 ఎత్తులు ఉంటాయనుకోండి. 10 సగం ఎత్తులు లోతుకి పోవాలంటే 30ని పదిసార్లు గుణించాలి. సుమారు 590 లక్షల కోట్ల దారులు. 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన ఐబీఎం డీప్ బ్లూ సెకనుకి 20 కోట్ల పోజిషన్లు చూసేది. దాన్ని కూర్చోబెట్టినా 34 రోజులు పడుతుంది. అదీ ఒక్క ఎత్తుకి.

కాబట్టి అన్నీ చూడకూడదు. ఏది చూడక్కర్లేదో తెలియాలి. దీనికి ఆల్ఫా-బీటా అనే పద్ధతి ఉంది. ఒక చిన్న ఉదాహరణ చెప్తా. మీరూ మీ ఫ్రెండూ టిఫిన్‌కి పోతున్నారు. ఏ హోటలో మీరు చెప్తారు. అక్కడ మీరు ఏం తినాలో వాడు చెప్తాడు. వాడికి మీ మీద కోపం, కాబట్టి మెనూలో అన్నిటికంటే చెత్తది ఇప్పిస్తాడు. మొదటి హోటల్ మెనూ అంతా చదివారు. అన్నిటికంటే చెత్త అంటే చల్లారిపోయిన ఉగ్గాని. తినొచ్చు. రెండో హోటల్ కెళ్ళి మెనూ తీశారు, మొదటి లైన్‌లోనే నిన్నటి పులిసిన సాంబార్ కనిపించింది. ఇంక కింద ఏముందో చదవాల్సిన పని లేదు. కింద బిర్యానీ ఉన్నా మీకు రాదు. వాడు సాంబారే ఇప్పిస్తాడు, లేదా అంతకంటే చెత్తది. మెనూ మూసేసి బయటికి రావచ్చు. ఫలితంలో తప్పేమీ రాదు, పని మాత్రం మిగులుతుంది.

ఎంత మిగులుతుంది? వరస బాగా కుదిరితే ఆ 590 లక్షల కోట్లు సుమారు 5 కోట్లకి దిగుతాయి. డీప్ బ్లూకి పావు సెకను పని. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు తప్పు చేశాననుకొని మళ్ళీ వేశాను.

కానీ ‘వరస బాగా కుదిరితే’ అన్నాను, గుర్తు పెట్టుకోండి. మంచి హోటల్ ముందు చూసుంటేనే చెడ్డ హోటళ్ళని తొందరగా వదిలేయగలం. అందుకని ఇంజన్ ఎత్తులన్నిటినీ చూడకముందే ఒక క్యూలో నిలబెడుతుంది. ఇంతకుముందు మెట్టులో బాగున్న ఎత్తు మొదట. లాభం వచ్చే కొట్టడాలు తర్వాత, అంటే బంటుతో క్వీన్‌ని కొట్టడం లాంటివి. ఆ తర్వాత మామూలు ఎత్తులు. నష్టం వచ్చే కొట్టడాలు చిట్టచివర.

ఇప్పుడు గుకేశ్ ఎత్తుని ఆ క్యూలో పెట్టండి. క్వీన్‌తో, కాపలా ఉన్న గుర్రాన్ని కొట్టడం. ఈ క్యూ పెట్టేటప్పుడు ఇంజన్ ఆ ఒక్క గడిలో ఎవరు ఎవరిని కొడతారన్నదే చకచకా లెక్కేస్తుంది. బంటు జరిగితే బి-లైన్ తెరుచుకుంటుందన్నది ఆ లెక్కలో లేదు. కాబట్టి వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో గేమ్ గెలిపించిన ఎత్తు క్యూలో చివరికి పోయి నిలబడుతుంది! ఐదు సగం ఎత్తుల పని కాబట్టి ఇంజన్ వెంటనే అక్కడికీ చేరుకుంటుంది, నష్టం లేదు. ఈ గేమ్‌లో మీ ఫోన్ కూడా కన్ను మూసి తెరిచేలోగా చెప్పేస్తుంది.

ఇబ్బంది ఎక్కడంటే, ఇప్పటి ఇంజన్లు క్యూలో వెనకున్న ఎత్తుల్ని ఆలస్యంగా చూడ్డమే కాదు, తక్కువ లోతుకి చూస్తాయి. ముందున్న వాటిని 20 మెట్లు చూస్తే వెనకున్న వాటిని ఏ 12 మెట్లో చూసి, బాగాలేదు అనిపిస్తే వదిలేస్తాయి. ఆ తక్కువ లోతులో కూడా ఏదైనా ఆశ్చర్యమైన నంబర్ కనిపిస్తే మాత్రం, ఆగు అని వెనక్కొచ్చి పూర్తి లోతుకి చూస్తాయి. కాబట్టి శాక్రిఫైస్‌కి రెండు దెబ్బలు. క్యూలో చివర నిలబడాలి, దానికిచ్చే టైమ్ తక్కువ. లాభం తొందరగా కనిపిస్తే బతుకుతుంది. దూరంలో ఉంటే, బోరు 400లోనే ఆపేసినట్టు.

దీనికి అందరూ చెప్పే గేమ్ ఒకటుంది. 1998, స్పెయిన్‌లో లినారెస్ టోర్నమెంట్. టోపలోవ్ తెలుపు, షిరోవ్ నలుపు. ఎండ్‌గేమ్. ఇద్దరికీ ఒక్కో బిషప్, వేరే వేరే రంగు గడులవి. షిరోవ్‌కి రెండు బంట్లు ఎక్కువే, కానీ ఇట్లాంటి బిషప్‌లు ఉంటే చాలాసార్లు డ్రానే అవుతుంది. షిరోవ్ 47వ ఎత్తుకి తన బిషప్‌ని తీసుకెళ్ళి హెచ్3లో పెట్టాడు. ఎదురుగా జి2లో తెల్ల బంటు ఉంది, ఊరికే కొట్టేసుకోవచ్చు. కొట్టడం కాదు, చెక్ కాదు, ఏమీ కాదు. ఉత్తినే బిషప్‌ని ఇచ్చేశాడు.

నేను మొదటిసారి చూసినప్పుడు మౌస్ జారిందేమో అనుకున్నా. లినారెస్‌లో మౌస్ యాడిది!

సంగతి ఏంటంటే, షిరోవ్ రాజు ఈ6 నుంచి ఈ4కి పోవాలి. అక్కడికి చేరితే ఏ-బంటు, డి-బంటు రెండింటినీ నడిపించుకోవచ్చు. దారి ఎఫ్5 మీదుగా, అక్కడ తన బిషప్పే అడ్డం నిలబడి ఉంది. బిషప్‌ని ఎక్కడో పక్కకి జరిపితే, ఆ ఒక్క ఎత్తు టైమ్‌లో తెల్ల రాజు పరుగెత్తుకొచ్చి దారి మూసేస్తాడు. ఈ4లో పెడితే జి2 బంటు మీద దాడి ఉంటుంది గానీ, రాజు నిలబడాల్సిన గడిలోనే బిషప్ ఉన్నట్టయింది. హెచ్3లో పెడితే దారి ఖాళీ, పైగా జి2 బంటుని కొడతానని బెదిరింపు. కొట్టుకున్నా కొట్టుకోకపోయినా తెలుపుకి ఒక ఎత్తు లేటవుతుంది. ఆ ఒక్క ఎత్తు కోసం ఒక బిషప్ ధర. టోపలోవ్ కొట్టుకున్నాడు, తర్వాత ఎఫ్6 బంటుని కూడా తీసుకున్నాడు. 53వ ఎత్తు దగ్గర రిజైన్ చేశాడు.

ఇంజన్ వైపు నుంచి చూడండి. బిషప్ ఇచ్చిన దగ్గర్నుంచి టోపలోవ్ రిజైన్ చేసేదాకా 13 సగం ఎత్తులు. అప్పటికీ లెక్కలో షిరోవ్ వెనకబడే ఉన్నాడు, బంటు ఇంకా క్వీన్ కాలేదు. నంబర్ నిజంగా పైకి రావాలంటే 20 సగం ఎత్తులకి అటూ ఇటూ పోవాలి. ఆ దారిలో చాలావరకు రాజు నడవడం, బంటు జరగడం, అన్నీ నిదానం ఎత్తులే. ఇంజన్ తక్కువ లోతుకి చూసే రకం. ఆ రోజుల ప్రోగ్రామ్‌లకి ఇది దొరకలేదు. తర్వాత చాలా ఏళ్ళు కొత్త ఇంజన్ రాసిన ప్రతివాడూ ఈ పోజిషన్ పెట్టి, ‘హెచ్3 దొరికిందా’ అని పరీక్ష చేసుకునేవాడు.

ఇంతవరకు చెప్పింది వెతకడం గురించి. రెండో సగం, లెక్క కట్టడం. మా వాడి రూక్ సంగతి అక్కడుంది.

1935లో రుడాల్ఫ్ స్పీల్‌మన్ అనే ఆస్ట్రియా ఆటగాడు శాక్రిఫైస్‌ల మీద పుస్తకం రాసి వాటిని రెండు రకాలన్నాడు. ఒకటి ఉత్తుత్తి శాక్రిఫైస్. ఇచ్చింది కొన్ని ఎత్తుల్లో వడ్డీతో తిరిగొస్తుంది, లెక్కబెట్టి చూపించొచ్చు. గుకేశ్‌ది ఈ రకం. రెండోది అసలు శాక్రిఫైస్. తిరిగొస్తుందని ఎవరూ లెక్క చూపించలేరు, పోజిషన్ బాగుంటుందన్న నమ్మకంతో ఇవ్వడం. 1953లో జ్యూరిచ్‌లో రెషెవ్‌స్కీ మీద పెట్రోస్యాన్ తన రూక్‌ని ఈ6లో పెట్టి, బిషప్‌తో కొట్టుకోమన్నాడు. 5 పోయి 3 వచ్చింది, ఆ తేడా వెంటనే తిరిగి రాలేదు. వచ్చిందల్లా డి5లో తన గుర్రానికి ఎవరూ కదిలించలేని చోటు. గేమ్ డ్రా. ఈ రెండో రకాన్ని ఎంత లోతుకి వెతికినా తేలదు. ఎందుకంటే బోరు అడుగున నీళ్ళు ఉండవు, మట్టి తేమగా ఉంటుంది, అంతే. ఆ తేమని కొలవగలిగే నంబర్ కావాలి.

పాత ఇంజన్లలో ఆ నంబర్‌ని మనుషులు చేత్తో రాశారు. రాజు ముందు బంట్లు చెదిరితే ఇంత తగ్గించు, గుర్రానికి మంచి చోటు దొరికితే ఇంత కలుపు, ఇట్లా వందల రూల్స్. ఏ రూల్‌కి ఎంత అన్నది గేమ్‌లు ఆడించి సరిచేసేవాళ్ళు. అయినా రూక్ ఇవ్వడం లాంటి పెద్ద నష్టాన్ని ఆ చిన్న చిన్న ప్లస్‌లు పూడ్చేవి కావు. 1997లో డీప్ బ్లూ చివరి గేమ్‌లో గుర్రాన్ని ఈ6లో ఇచ్చేసి కాస్పరోవ్‌ని 19 ఎత్తుల్లో ఓడించింది కదా, మెషిన్ ఎంత ధైర్యంగా ఆడిందో అని అందరూ అనుకున్నారు. ఆ ఎత్తు మెషిన్ వెతికి పట్టింది కాదు, మనుషులు ముందే ఎక్కించిన ఓపెనింగ్ బుక్‌లోది.

మార్పు 2017 డిసెంబర్‌లో మొదలైంది. డీప్‌మైండ్ వాళ్ళ ఆల్ఫాజీరో తనతో తానే ఆడుకొని నేర్చుకొని స్టాక్‌ఫిష్‌ని ఓడించింది. వాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం స్టాక్‌ఫిష్ సెకనుకి 7 కోట్ల పోజిషన్లు చూస్తే, ఆల్ఫాజీరో చూసింది 80 వేలు. తక్కువ చూసి, చూసిన ప్రతిదాన్నీ న్యూరల్ నెట్‌వర్క్‌తో బాగా అంచనా వేసింది. బంట్లు, పావులు ఇచ్చేసి ఎదుటి పావుల్ని కదలకుండా కట్టేసే గేమ్‌లు ఆడింది. దాని క్యూ కూడా వేరు. ఏ ఎత్తు ఎంత ఆశగా ఉందో నెట్‌వర్కే చెప్తుంది, కాబట్టి శాక్రిఫైస్ కేవలం నష్టం అన్న కారణంతో చివరికి పోదు.

2020 సెప్టెంబర్‌లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 రెండింటినీ కలిపింది. వెతకడం పాత పద్ధతిలోనే, లెక్క కట్టడం మాత్రం ఎన్ఎన్‌యూఈ అనే చిన్న నెట్‌వర్క్‌తో. ఇది మొదట జపాన్ వాళ్ళ షోగి ఆట కోసం పుట్టింది. ఒక పావు జరిగితే మొత్తం లెక్క మళ్ళీ వేయకుండా మారిన ముక్కనే సరిచేసుకుంటుంది, అందుకే మామూలు ప్రాసెసర్ మీద కూడా వేగంగా నడుస్తుంది. 2024 నాటికి చేత్తో రాసిన రూల్స్‌ని పూర్తిగా తీసేశారు. ఇంకో విషయం, 2022 చివర్లో వచ్చిన 15.1 నుంచి స్టాక్‌ఫిష్ చూపించే ప్లస్ 1 అంటే ఒక బంటు ఎక్కువ అని కాదు. ఆ పోజిషన్ నుంచి స్టాక్‌ఫిష్ తనలాంటి దాని మీద గెలిచే ఛాన్స్ 50 శాతం అని. కాబట్టి రూక్ ఇచ్చాక నంబర్ 2 పడిపోవాలన్న రూల్ ఇప్పుడు ఎక్కడా లేదు.

మరి యాప్‌లో ‘బ్రిలియంట్’ అని రెండు ఆశ్చర్యార్థకాలతో వస్తుంది కదా అంటారు. అది ఇంజన్ అనేది కాదు. యాప్ వాళ్ళు పైన పెట్టుకున్న రూల్. చెస్.కామ్ వాళ్ళు చెప్పిన దాని ప్రకారం, పావు ఇచ్చేసిన మంచి ఎత్తు అయ్యుండాలి, దాని తర్వాత మీ పోజిషన్ చెడిపోకూడదు, ఆ ఎత్తు లేకపోయినా మీరు ఎట్లాగూ గెలిచేసే పరిస్థితి అయ్యుండకూడదు. ఇంజన్‌కి అదీ ఒక ఎత్తే, పక్కన ఒక నంబరే. ఎర్ర గుర్తు కూడా అంతే. తక్కువ టైమ్‌లో వచ్చిన ఒక నంబర్‌కి వేసిన రంగు.

నేను చేయాల్సిన పని ఏంటంటే, గేమ్ మొత్తానికి అర నిమిషంలో వచ్చిన మార్కుల్ని నమ్మకుండా, ఆ ఒక్క పోజిషన్‌ని ఇంజన్‌కి ఇచ్చి వదిలేయడం. అక్కడ డెప్త్ ఎంతో చూపిస్తుంది, అది చూడాలి. ఇంకో కిటుకు ఉంది. అనుమానం ఉన్న ఎత్తుని మీరే బోర్డు మీద ఆడేయండి. అప్పుడది క్యూలో లేదు, దాని అవతలి పోజిషనే ఇంజన్ ముందుంది. కాసేపు ఆలోచించనిచ్చి, ఒక అడుగు వెనక్కి రండి. ఇంజన్ అప్పటిదాకా చూసింది మెమరీలో ఉంచుకుంటుంది కాబట్టి, వెనక్కొచ్చాక ఆ ఎత్తుని వేరే కన్నుతో చూస్తుంది. షిరోవ్ పోజిషన్‌లో ట్రై చేయండి, తెలుస్తుంది.

మా వాడి గేమ్‌ని నేను ల్యాప్‌టాప్‌లో పెట్టి, రాత్రి అన్నం తిని వచ్చేదాకా వదిలేశా. డెప్త్ 12 దగ్గర తెలుపుకి ప్లస్ 1.6. అదే ఆ ఎర్ర గుర్తు. 20 దాటాక 0.9. 34 దగ్గర 0.2, అక్కడే నిలబడింది. అంటే దాదాపు సమానం. వాడు చెప్పిన కారణమే, చెదిరిన బంట్లు, ఆ నంబర్‌లో ఉంది. గేమ్ ఓడిపోయింది పది ఎత్తుల తర్వాత గుర్రాన్ని చూసుకోకుండా పోగొట్టుకున్నందుకు.

పిలిచి చూపించి, సారీరా అల్లుడూ, నేనే తొందరపడ్డా అన్నా. వాడు స్క్రీన్ చూసి, ‘అంటే 0.2 కి నేను గెలుస్తానా, గెలవనా?’ అన్నాడు.

దానికి ఇంజన్ దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అది లెక్క వేసేటప్పుడు, ఎదుటోడు కూడా తను చూసిందంతా చూస్తాడనే అనుకుంటుంది. హోటల్లో ఆ కోపం ఫ్రెండ్ మెనూ మొత్తం చదివేశాడన్నట్టు. 1960లో వరల్డ్ ఛాంపియన్ అయిన మిఖాయిల్ తాల్ శాక్రిఫైస్‌లలో కొన్ని ఇంజన్ కింద పెడితే ఇప్పుడు తప్పులుగా తేలతాయి. కానీ ఎదురుగా కూర్చున్నోడికి గడియారం తిరుగుతుండగా సరైన జవాబు దొరకాలి కదా. ప్రొద్దుటూరులో వాడికి ఎదురు కూర్చుంది స్టాక్‌ఫిష్ కాదు, ఇంకో తొమ్మిదో తరగతి పిల్లోడు. ‘నీకు నచ్చితే ఇంకోసారి రూక్ ఇచ్చి చూడు, గుర్రాన్ని మాత్రం చూసుకో’ అన్నా.

‘సరే గానీ ల్యాప్‌టాప్ ఈరాత్రికి నా దగ్గర పెట్టుకుంటా మామా’ అని ఎత్తుకొని పోయాడు. ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ అందుకే ఫోన్‌లో టైప్ చేశా. వచ్చే వారం ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌ల గురించి చెప్తా.